సింహం కరిచే గది, కప్పు కూలని గని

1950 సెప్టెంబరులో అమెరికా పత్రిక ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’లో రే బ్రాడ్‌బరీ కథ ఒకటి అచ్చయింది. ఆ తర్వాత ‘ది వెల్ట్’ అన్న పేరుతో ప్రపంచమంతా చదివింది దాన్నే. డబ్బున్న ఒక కుటుంబం పిల్లల కోసం ఆటగది కట్టించుకుంటుంది. 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తు. మిగతా ఇల్లంతటికీ అయినదానికి ఒకటిన్నర రెట్లు ఈ ఒక్క గదికే ఖర్చయింది. పిల్లల మనసులో ఏముంటే గోడల మీద అదే ప్రత్యక్షమవుతుంది. వాసన, ఎండ వేడి, చప్పుడు అన్నీ వస్తాయి. కొంతకాలంగా ఆ గదిలో ఆఫ్రికా గడ్డి మైదానం తప్ప మరొకటి కనిపించడం లేదు. దూరంగా సింహాలు దేన్నో తింటున్నాయి. గది పాడైందేమోనని తల్లిదండ్రులు అనుమానిస్తారు. చివరికి పిల్లలు వాళ్లను లోపలికి రప్పించి బయట తలుపు వేసేస్తారు. సింహాలు మీదికొస్తాయి.

యంత్రం తిరగబడిన కథగా దీన్ని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. జాగ్రత్తగా చదివితే ఆ గదిలో ఒక్క భాగం కూడా చెడిపోయినట్టు కనిపించదు. పిల్లలు మనసులో కోరుకున్నదాన్ని అది తు.చ. తప్పకుండా చేసింది. గది చెడిపోవడం వేరు, గది చక్కగా పనిచేస్తూనే మనిషిని ముంచడం వేరు. రెండోది ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. గోదావరిఖని నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు బాయిల మీద బతికే మన ప్రాంతానికి ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ గదుల కథ చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇలాంటి గది కొత్తది కాదు. మహాభారతం సభాపర్వంలో మయుడు 14 నెలల్లో కట్టిన సభ ఉంది. దుర్యోధనుడు అందులో స్ఫటికపు నేలను నీళ్లనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నాడు. ఆ తర్వాత నిజమైన నీళ్లను నేలనుకుని అడుగువేసి పడ్డాడు. మూసిన స్ఫటికపు తలుపు తెరిచి ఉందనుకుని నుదురు కొట్టుకున్నాడు. ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి.రామారావు నటన వల్ల ఆ సన్నివేశంలోని అవమానమే మనకు గుర్తుండిపోయింది. శాస్త్రం దృష్టితో చూస్తే రెండో పొరపాటు అన్నిటికన్నా విలువైనది. ఒకసారి కన్ను మోసపోయాక, ‘మెరిసేది నేలే’ అన్న కొత్త సూత్రాన్ని ఆయన నేర్చుకున్నాడు. ఆ గది నేర్పిన పాఠమే ఆయన్ను నీళ్లలో పడేసింది. కృత్రిమ ప్రపంచంలో నేర్చుకున్న అలవాటు నిజ ప్రపంచంలో దెబ్బతీసే సంగతిని అంత పాత కథలో చూడడం ఆశ్చర్యమే.

సైన్స్ ఫిక్షన్‌లో అన్నిటికన్నా పేరుపొందిన గది ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలోని హోలోడెక్. 1987లో మొదలైన ‘ది నెక్స్ట్ జనరేషన్’ దాన్ని ఇంటింటికీ తెచ్చింది. అంతరిక్ష నౌకలో ఒక ఖాళీ గది. నోటితో చెబితే చాలు, అడవో నగరమో సముద్రమో తయారవుతుంది. కాంతితో బొమ్మలు, బల క్షేత్రాలతో గట్టిదనం, కొన్ని వస్తువులకు నిజమైన పదార్థమే. నడుస్తూ పోతుంటే గోడ తగలకుండా కాళ్ల కింద నేలే కదులుతుంది. లోపలున్నవాళ్లకు దెబ్బ తగలకుండా ‘సేఫ్టీ ప్రోటోకాల్స్’ ఉంటాయి.

అవి ఎప్పుడెప్పుడు విఫలమవుతాయా అని ప్రేక్షకులు ఎదురుచూసే స్థితి వచ్చింది. 1988 జనవరిలో వచ్చిన ‘ది బిగ్ గుడ్‌బై’ ఎపిసోడ్‌లో బయటి నుంచి వచ్చిన తరంగాల తాకిడికి గది తికమకపడుతుంది. తలుపు తెరుచుకోదు. బొమ్మ దొంగ పేల్చిన తూటా నిజమైన మనిషికి దిగుతుంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘ఎలిమెంటరీ, డియర్ డేటా’ ఇంతకన్నా లోతైనది. షెర్లాక్ హోమ్స్ ఆట ఆడుతూ ఇంజినీరు ఒకడు, డేటా అనే యంత్రమానవుణ్ని ఓడించగల ప్రత్యర్థిని తయారు చెయ్యమని కంప్యూటర్‌ను అడుగుతాడు. అతను చెప్పాలనుకున్నది ‘హోమ్స్‌ను ఓడించగలవాణ్ని’ అని. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు విని, తనకు తానే స్పృహ కలిగిన మోరియార్టీని సృష్టిస్తుంది. ఇక్కడా గది పాడవలేదు. ఆదేశంలో ఒక్క పేరు మారింది, అంతే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ ఎపిసోడ్‌ను ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే చూడాలి.

ఇక నిజమైన గదులు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1965లో రాసిన చిన్న వ్యాసంలో, పదార్థం ఉనికిని కూడా కంప్యూటరే నియంత్రించే గదిని ఊహించాడు. అందులో కుర్చీ చూపిస్తే కూర్చోవచ్చు, తూటా చూపిస్తే ప్రాణం పోతుంది. అంటే భద్రత సమస్య మొదటి కలలోనే ఉంది. 1968లో ఆయన తయారుచేసిన తలకు తొడిగే యంత్రాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు. 1992లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోలీనా క్రూజ్-నీరా, డానియెల్ శాండిన్, థామస్ డిఫాంటి కలిసి ‘కేవ్’ అనే గదిని ప్రదర్శించారు. దాదాపు 10 అడుగుల ఘనం. గోడల మీద, నేల మీద ప్రొజెక్టర్ల బొమ్మలు. కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ బొమ్మలు గాలిలో నిలబడినట్టు కనిపిస్తాయి. హోలోడెక్‌కు మనిషి అన్నిటికన్నా దగ్గరగా చేరింది చాలాకాలం ఇక్కడే.

కేవ్‌లో ఒక ముఖ్యమైన లోపం ఉంది. కంప్యూటర్ ఒక్కరి తల ఎక్కడుందో చూసి, ఆ ఒక్కరి కంటికే సరిపోయేలా బొమ్మ గీస్తుంది. పక్కన నిలబడ్డవాళ్లకు గోడలు కొద్దిగా వంకరగా, దూరాలు తప్పుగా కనిపిస్తాయి. అందరూ ఒకే ప్రపంచంలో ఉన్నామనుకుంటారు గానీ, సరైన ప్రపంచం ఒక్కరికే దొరుకుతుంది. బృందంగా శిక్షణ ఇవ్వాలనుకునేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఎక్కువగా వాడే తలకట్టు వీఆర్ (వర్చువల్ రియాలిటీ)లో ఒక్కో కంటికి కొద్దిపాటి తేడాతో ఒక్కో బొమ్మ చూపిస్తారు. మెదడు ఆ తేడా నుంచి లోతును లెక్కిస్తుంది. గైరోస్కోప్‌లు, కెమెరాలు తల కదలికను కనిపెడతాయి. తల తిప్పిన క్షణం నుంచి బొమ్మ మారే క్షణం దాకా పట్టే సమయం సుమారు 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో లెక్క. ఎందుకంటే తల తిరిగితే కన్ను దానికి ఎదురుదిశలో సర్దుకోవడానికి మన శరీరానికి దాదాపు 10 మిల్లీసెకన్లే పడుతుంది. కంప్యూటర్ ఆలస్యం చేస్తే చెవి లోపలి సమతుల్య అవయవం ఒకటి చెబుతుంది, కన్ను మరొకటి చెబుతుంది. కడుపులో తిప్పుతుంది, చెమటలు పడతాయి. మనిషి కదలకుండా కూర్చుని కదులుతున్న దృశ్యం చూసినా అంతే. విమాన సిమ్యులేటర్‌లో కూర్చున్నాక కొన్ని గంటలపాటు నిజమైన విమానం నడపరాదని కొన్ని సైనిక దళాలు నియమం పెట్టుకున్నది ఈ తికమక వెంటనే వదలదు కాబట్టే.

నడక ఇంకో చిక్కు. గది చిన్నది, చూపించాల్సిన లోకం పెద్దది. దీనికి నార్త్ కరోలినాలో 2001లో చక్కటి ఉపాయం దొరికింది. నడుస్తున్నవారికి తెలియనంత నెమ్మదిగా దృశ్యాన్ని పక్కకు తిప్పుతూ పోతే, తిన్నగా నడుస్తున్నామనుకుంటూనే వాళ్లు వంపుగా నడుస్తారు. మనిషి పసిగట్టకుండా ఉండాలంటే ఆ వృత్తానికి కనీసం 22 మీటర్ల వ్యాసార్ధం కావాలని 2010లో జరిగిన ప్రయోగాలు చెప్పాయి. అంటే హాలు బాగా పెద్దదై ఉండాలి. హోలోడెక్‌లో కదిలే నేలకు నిజజీవితంలో దొరికిన ప్రత్యామ్నాయం ఇది.

దూరాల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. తెర కంటికి ఒకే దూరంలో ఉంటుంది. బొమ్మలోని వస్తువు మాత్రం దగ్గరకూ దూరానికీ మారుతుంటుంది. రెండు కళ్లూ లోపలికి తిరిగే కోణం ఒక దూరం చెబితే, కంటి కటకం బిగువు మరో దూరం చెబుతుంది. వీఆర్‌లో మనుషులు దూరాలను ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తారని ఎన్నో పరిశీలనల్లో తేలింది. ఆటలో దానివల్ల నష్టం లేదు. వంద టన్నుల డంపర్‌ను వెనక్కి నడపడం నేర్చుకునేవారికి ఆ తేడా ప్రాణాలతో ముడిపడినది.

ఇక్కడి నుంచి మన ప్రాంతంలోకి వద్దాం. పాత కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖని, పాత ఆదిలాబాద్ జిల్లాలోని మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి... 2016 తర్వాత జిల్లాల పేర్లు పెద్దపల్లి, మంచిర్యాలగా మారినా ఇదంతా గోదావరి లోయ బొగ్గు పట్టీయే. సింగరేణి ఉద్యోగంలో చేరేవారికి బాయి దిగేముందు 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం శిక్షణ ఉంటుంది. గని భద్రత కోసం వీఆర్ గదులు ప్రపంచమంతా వస్తున్నాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం రూపొందించిన 10 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల ఎత్తున్న గుండ్రటి తెరగదిని అక్కడి గని కార్మికుల శిక్షణకు వాడారు. మన దేశంలో ధన్‌బాద్ ఐఐటీలో వీఆర్ గని సిమ్యులేటర్ ఏర్పాటైంది. ఇవాళ కాకపోతే రేపు, ఇవి మన బొగ్గు పట్టీలో మామూలైపోతాయి.

నిజానికి భూగర్భ గని వీఆర్‌కు బాగా ఒదుగుతుంది. లోపల చీకటి. క్యాప్‌ల్యాంపు వెలుగు పడ్డంత మేరే చూపించాలి, మిగతాదంతా నలుపే. కంప్యూటర్‌కు భారం తగ్గుతుంది. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తవ్విన గనిలో గ్యాలరీలు ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా ఉంటాయి. పిల్లర్ల మధ్య వీధులన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి తిన్నగా నడిపించడానికి కావాల్సినంత పెద్ద హాలు లేకపోయినా, మలుపుల దగ్గర దృశ్యాన్ని తిప్పుతూ పెద్ద గనిలో నడిపించవచ్చు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఆ పేలుడును నిజంగా చూపి నేర్పలేం. వీఆర్‌లో చూపగలం, పొరపాటు చేసినవాణ్ని మళ్లీ మొదటి నుంచి నడిపించగలం. ఈ గదులు రావాలనే నేను కోరుకుంటాను.

అయితే అవి ఏది చూపలేవో కూడా తెలిసి రావాలి. గనిలో పైకప్పు బాగుందో లేదో తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు ఇనుప కడ్డీతో దాన్ని తట్టి వింటారు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్లగా మోగుతుంది. రెండో చేతిని కప్పుకు ఆనించి అదురు చూస్తారు. బొగ్గు తీసేసిన గోఫ్ వైపు నుంచి లోలోపల నిప్పు రాజుకుంటుంటే ముందు గోడలకు చెమట పడుతుంది, తర్వాత కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. మోకాళ్ల దాకా నీళ్లు, ఏటవాలు నేల, ముఖం మీద గాలి తగ్గడం... ఈ సంకేతాల్లో కన్ను పట్టేవి తక్కువ. చెవి, ముక్కు, చర్మం, అరచెయ్యి పట్టేవి ఎక్కువ. వీఆర్ మాత్రం ప్రధానంగా కంటి యంత్రం. ప్రమాదానికి ముందు కప్పు మీద ఎర్ర గీత వెలిగించే సిమ్యులేటర్‌లో శిక్షణ పొందినవాడు, నిజమైన కప్పు కింద నిలబడి ఆ ఎర్ర గీత కోసమే చూస్తాడు.

ఇది నా ఊహాభయం కాదు. ఇతర రంగాల్లో ఇప్పటికే జరిగింది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. రియాక్టర్‌లోని నీళ్లు అందులోంచి పోతూనే ఉన్నాయి. మీటరు మాత్రం నీటిమట్టం పెరుగుతున్నట్టు చూపించింది. ఆపరేటర్లు తమకు నేర్పినట్టే ఆలోచించి, లోపలికి వెళ్తున్న అత్యవసర నీటిని తగ్గించారు. ఆ పరిస్థితి వాళ్లు శిక్షణ పొందిన సిమ్యులేటర్‌లో లేనేలేదని తర్వాత విచారణ సంఘం తేల్చింది. సిమ్యులేటర్ తయారుచేసినవాళ్లకు తట్టని ప్రమాదం, అందులో నేర్చుకున్నవాళ్లకు కళ్లముందు జరుగుతున్నా తట్టలేదు. రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో పనిచేసేవారి శిక్షణకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది.

2001 నవంబరు 12 నాటి ప్రమాదం ఇంకా బాధ కలిగిస్తుంది. న్యూయార్క్‌లో బయల్దేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ముందు వెళ్లిన పెద్ద విమానం వదిలిన గాలి సుడిలో కుదుపుకు లోనైంది. కోపైలట్ చుక్కాని పెడల్‌ను అటూ ఇటూ బలంగా తొక్కాడు. తోక రెక్క ఊడిపోయింది. నేల మీదివారితో కలిపి 265 మంది చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా మండలి అనవసరంగా, అతిగా తొక్కిన చుక్కానిని ప్రధాన కారణంగా చెప్పింది. ఆ విమానపు చుక్కాని వ్యవస్థ తీరుతో పాటు ఆ సంస్థ శిక్షణ కార్యక్రమాన్ని కూడా దోహదం చేసిన కారణాల్లో చేర్చింది. సిమ్యులేటర్ అభ్యాసంలో విమానం బాగా ఒరిగేదాకా పైలట్ నియంత్రణలకు స్పందన రాకుండా కావాలని అణచిపెట్టారు. గాలి సుడి నిజంగా ఉన్నదానికన్నా భయంకరమైనదన్న నమ్మకం అక్కడ నాటుకునే అవకాశం ఉంది. ఆ సిమ్యులేటర్ ఆగిపోలేదు, పొగ రాలేదు, తలుపు ఇరుక్కోలేదు. రాసినట్టే పనిచేసింది.

సైన్స్ ఫిక్షన్‌లో ప్రమాదం గది లోపలే జరుగుతుంది. నిజజీవితంలో మనిషి గదిలోంచి క్షేమంగా బయటికొచ్చి, ఇంటికెళ్లి, నెలలో ఏళ్లో గడిచాక జరుగుతుంది. అప్పుడు గదిని ఎవరూ అనుమానించరు.

పటాల విషయం మరొకటి. వీఆర్ గనిని గని పటం నుంచే తయారుచేస్తారు. పటంలో తప్పుంటే అది వీఆర్‌లో మరింత నమ్మకంగా కనిపిస్తుంది, ఎందుకంటే కాగితం మీది గీతను మనం అనుమానించగలం గానీ కళ్లముందు నిలబడ్డ బొగ్గు గోడను అనుమానించలేం. 2002 జులైలో అమెరికాలోని క్వెక్రీక్ గనిలో, పక్కనున్న పాత గని పటం సరైనది కాక, నీళ్లు నిండిన పాత తవ్వకంలోకి కన్నం పడింది. తొమ్మిది మంది చిక్కుకుని, మూడు రోజులు దాటాక అదృష్టవశాత్తూ అందరూ బయటపడ్డారు. మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో ఆ అదృష్టం లేదు. 2003 జూన్‌లో ఉరికిన నీళ్లు 17 మందిని బలితీసుకున్నాయి. ఆ పేరు వింటే గోదావరిఖనిలో ఇప్పటికీ మాట ఆగిపోయే ఇళ్లున్నాయి. నీళ్లు ఎక్కడున్నాయో సరిగా తెలియకుండా గీసిన ఏ వీఆర్ గని అయినా ప్రమాదకరమైన అబద్ధమే.

ఇంత చెప్పాక ఒక పాత పద్ధతిని గౌరవంగా తలుచుకోవాలి. గనుల రెస్క్యూ స్టేషన్లలో శిక్షణ గ్యాలరీలుంటాయి. ఇరుకుదారి, పొగ, ఉక్కపోత. వీపున శ్వాస పరికరం మోస్తూ, పాకుతూ, పనిచేస్తూ బయటికి రావాలి. అందులో ఏ కంప్యూటరూ లేదు. అది కంటిని నమ్మించాలని చూడదు, ఊపిరిని నమ్మిస్తుంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రెస్క్యూ బృందాలు బురదలోకి, విరిగిన యంత్రపు ఇనుములోకి, ఊరుతున్న నీటిలోకి దిగాయి. ఆ స్థలం అచ్చంగా ఏ శిక్షణ గదిలోనూ ఉండదు. అలాంటి చోటికి దిగేవాళ్లకు కావాల్సింది చూసిన దృశ్యాన్ని గుర్తుపట్టడం కన్నా, చూడని దృశ్యంలో ఊపిరి నిలుపుకోవడం. మంచి సిమ్యులేటర్ ఈ రెండోదాన్ని కూడా నేర్పాలి. అందుకు తెర ఎంత స్పష్టంగా ఉందన్నది పెద్ద విషయం కాదు. మీటరు ఒకటి తప్పు చూపించే అభ్యాసం ఉందా, దారి ఉంటుందనుకున్న చోట దారి లేని అభ్యాసం ఉందా, ఏ హెచ్చరికా లేకుండా కప్పు కూలే అభ్యాసం ఉందా అన్నవి పెద్ద విషయాలు.

మన పిల్లలు ఈ పని చెయ్యగలరు. సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ కళాశాలలో కంప్యూటర్ సైన్సు, మైనింగ్ ఇంజినీరింగ్ ఒకే ఆవరణలో బోధిస్తారు. తండ్రి బాయిలో, కొడుకు కోడింగ్‌లో ఉన్న ఇళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. గని లోపల డొల్ల కప్పు ఎలా మోగుతుందో రికార్డు చేసుకుని, రిటైరవుతున్న సర్దార్లు, ఓవర్‌మెన్‌లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు తల ఊపేదాకా సరిదిద్దితే, బయటినుంచి కొని తెచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌కన్నా అది మనకు బాగా పనికొస్తుంది. అందులో మాట్లాడేది కూడా బాయిలో మాట్లాడే తెలుగే కావాలి. కప్పు కూలబోయే క్షణంలో ఎవరూ ఇంగ్లిష్ హెచ్చరికను అనువదించుకోరు.

ఇలాంటి గదులు కొనబోయే యాజమాన్యాలకు, వాటి గురించి మాట్లాడాల్సిన కార్మిక సంఘాలకు నా విన్నపం ఇది. గదిలో ఏవేవి చూపించడం లేదో తెలుగులో రాసి తలుపు మీద అతికించండి. ప్రతి ప్రమాదం తర్వాత, తృటిలో తప్పిన ప్రతి ప్రమాదం తర్వాత దాన్ని లోపలికి చేర్చండి. కాంట్రాక్టు కార్మికులను కూడా అదే గదిలోకి, అన్ని గంటలూ పంపండి. ఆ గదిలో గడిపిన గంటలను మాత్రం, కొత్తగా చేరినవాడు బాయిలో అనుభవజ్ఞుడి పక్కన నడవాల్సిన గంటల్లోంచి ఎప్పుడూ తీసెయ్యకండి.